ఎల్ఫినెష్ పాటిల్లు

"గోడలు కూల్చే దొరగారూ, గొంతును దేనితో కూలుస్తారు?"

మూల బల్ల దగ్గరి పెద్దాయన చరణం అందించాడు.

ఎల్ఫినెష్ తన ఒంటితీగ వాయిద్యం వాయిస్తూ దాన్ని అప్పటికప్పుడే పాడేసింది. ఇల్లంతా ఈలలు.

జనం తాగుతూ పాట వినే అడిస్ అబాబా పాటిళ్లలో అదే పద్ధతి. వినేవాళ్లు మాట అందించాలి, పాడేవాళ్లు అల్లుకుపోవాలి.

ఆమె పాటిల్లు తెరవకముందు ఆ సందులోకి టాక్సీ కూడా వచ్చేది కాదు. ఇప్పుడు ఊరి నలుమూలల నుంచీ జనం. వాళ్లను నమ్ముకుని కాఫీ కొట్లు, ఇంజెరా రొట్టెల పొయ్యిలు వెలిశాయి. అయినా పెద్ద అంగళ్ల కోసం పేట మొత్తం కూల్చాలని అధికారులు గోడగోడకీ ఎర్ర గుర్తులు పెట్టిపోయారు.

"మీ పేరేంటి బాబాయ్?" అని మూల బల్ల పెద్దాయన్ని అడిగింది ఎల్ఫినెష్.

"పేరుతో పనేముందమ్మా, పాడు."

ఒక సాయంత్రం కాఫీ కొట్టు తిరువర్క్ పరుగున వచ్చింది.

"అక్కా, నీ మూల బల్ల కవి ఎవరో తెలుసా? వార్డు ఆఫీసులో పెద్ద కుర్చీ ఆయనదే! నా కళ్లతో చూసొచ్చా."

"కూల్చేవాళ్ల పెద్దా?"

"ఆ పెద్దే! మన గుట్టు లాగడానికి వస్తున్నాడు."

ఆ పూట ఆయన కూర్చోగానే ఎల్ఫినెష్ ఎదురుగా వచ్చి నిలబడి పాటందుకుంది.

"పగలు మా గోడకు గుర్తులు, సాయంత్రం మా పాటకు చప్పట్లు!"

జనం గొల్లుమన్నారు. "బయటికి నడువయ్యా, వేగులోడా!"

ఆయన నవ్వాడు.

"బాగుందమ్మా. ఎవరొచ్చినా ఇలాగే పాడు."

పాటిళ్ల ఆనవాయితీ ప్రకారం మెప్పుగా ఒక నోటు ఆమె నుదుటికి అంటించి గడప దాటాడు. ఎల్ఫినెష్ దాన్ని పీకి ఆయన వీపు మీదకు విసిరింది.

ఆయన మళ్లీ రాలేదు.

పది రోజులకు కొత్త ఆఫీసరు బుల్డోజరుతో వచ్చాడు.

ఎల్ఫినెష్ గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని వాయిద్యం అందుకుంది. పేటంతా ఆమె వెనక నిలబడింది.

"కాఫీ తాగి కూలుస్తారా సారూ, కూల్చి తాగుతారా?" అంది తిరువర్క్.

"లేవమ్మా," అన్నాడు ఆఫీసరు.

"లేవను. మీ పెద్దాయన్నే పాటతో తరిమేశాను. మీరో లెక్కా?"

ఆఫీసరు ఆమె వైపు వింతగా చూశాడు.

"ఎవర్ని తరిమావమ్మా? ఈ పాటిల్లు ఉంటేనే పేట బతుకుతుందని రాసి, మూడేళ్లుగా ఈ ఆర్డరును వెనక్కి పంపుతూ, చివరికి మొన్న ఉద్యోగం పోగొట్టుకున్నది ఆయనే!"