వారానికి పది నిమిషాలు

ఫోన్ మోగుతోంది. ఎత్తనంటే ఎత్తనని భీష్మించుకుని కూర్చుంది టైలరమ్మ. కాలు మాత్రం కుట్టుమిషన్ పెడల్ మీద ఎప్పుడో ఆగిపోయింది.

"తియ్యవే తల్లీ, ఇది మూడోసారి," అంది పక్కన కూర్చుని కాజాలు కుడుతున్న అక్క. "జైల్లో వాళ్ళకి వారానికి ఒక్క ఫోను, పది నిమిషాలు. వెనక లైన్లో ఉన్నవాళ్ళు మీ ఆయన్ని తోసెయ్యరూ?"

"తోసెయ్యనీ! పోయిన శనివారం ఏం చేశాడో తెలుసా? రెండు బస్సులు మారి, మూడు గంటలు లైన్లో నిలబడ్డాను. తీరా నా వంతు వచ్చాక కానిస్టేబుల్‌తో చెప్పించాడు, నన్ను చూడడట. ఇక మీదట అసలు రావద్దట. అంత వద్దనుకున్న మనిషితో నాకేం మాటలు?"

"అదే అడిగెయ్. దులిపెయ్. ఫోన్ ఎత్తితేనే కదా దులపడానికి కుదిరేది!"

ఆ సలహా టైలరమ్మకి నచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఎవరూ?" అంది, ఏమీ తెలియనట్టు.

"నేనే."

"నేనే అంటే? నాకు తెలిసిన 'నేనే' ఒకడుండేవాడు. మొన్న నన్ను గేటు దగ్గర నుంచే పంపించేశాడు."

"కోపం వచ్చిందా?"

"అబ్బే, ఆనందం పట్టలేక గెంతులేస్తున్నాను. ఏమయ్యా, ఇంకా ఏడు నెలలుంది. ఏడు నెలలూ నా మొహం చూడకుండా ఉండగలవా?"

"అది కాదే... పాపం, అంత దూరం... ఎండలో... నువ్వు..."

"రెండేళ్ళుగా లేని ఎండ ఇప్పుడొచ్చిందా? అబద్ధమాడేటప్పుడు నీ గొంతు నాకు తెలీదూ?" అని ఆగింది టైలరమ్మ. గొంతులో అబద్ధంతో పాటు ఇంకేదో కూడా వినిపించింది. మాటలు ఏరుకుని, ఏరుకుని మాట్లాడుతున్నాడు. "ఏంటి, మాట అదోలా ఉంది? జలుబా?"

"ఏం లేదు."

"ఏదీ, శనివారం అను."

"ఎందుకు?"

"అనమంటే అను!"

 అవతల గాలి ఈల వేసినట్టు వినిపించింది. "థనివారం."

 టైలరమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. "పళ్ళు రాలగొట్టించుకున్నావా? ఎవరితో పెట్టుకున్నావు మళ్ళీ? లోపల గొడవపడితే శిక్ష పెరుగుతుందని నీకు ఎన్నిసార్లు..."

"గొడవ కాదే, వాలీబాల్! నీ మీద ఒట్టు. ఎగిరి కొడదామని నేను లేస్తే, బంతి వచ్చి నా మొహాన్నే కొట్టింది. ముందు పళ్ళు రెండూ పోయాయి." ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, ఈలలు వేసుకుంటూ గడగడా చెప్పేశాడు. "నా నవ్వు చూసే కదా నన్ను చేసుకున్నావు? ఇప్పుడు నవ్వితే షట్టర్ ఎత్తిన కొట్టులా ఉంది. కట్టుడు పళ్ళు రావడానికి రెండు నెలలు పడుతుందట. అందాకా నీకు కనబడకుండా తప్పించుకుందామనుకున్నాను."

మొదట టైలరమ్మ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట కదిలింది. షట్టర్ ఎత్తిన కొట్టు కళ్ళ ముందు కనిపించేసరికి ఇక ఆపుకోలేకపోయింది. అయిదు రోజులుగా దిగమింగుకున్న బాధంతా నవ్వై బయటికొచ్చింది. ఏం జరిగిందో తెలియకపోయినా కాజాల అక్క కూడా నవ్వడం మొదలుపెట్టింది.

"నవ్వు, నవ్వు," అన్నాడు మొగుడు. గొంతు తగ్గింది. "నవ్వడం అయ్యాక ఒక్క మాట చెప్పు. ఇలాంటివాణ్ణి చూడ్డానికి అంత దూరం వస్తావా? వస్తానంటే ఈ శనివారం మనం కలుసుకునే కిటికీ దగ్గరికొచ్చి కూర్చుంటాను. లేదంటే..."

రాకుండా ఎక్కడికి పోతానయ్యా అందామని నోరు తెరిచింది. నవ్వు మాటని రానిస్తేనా! ఊపిరి కూడదీసుకునే లోపు ఫోన్ ఠక్కున ఆగిపోయింది. పది నిమిషాలూ అయిపోయాయి.

"హలో! హలో!"

మనం తిరిగి చెయ్యడానికి కుదిరే నంబరు కాదది. టైలరమ్మ కుర్చీలో కూలబడింది.

"వస్తానని చెప్పలేదక్కా! అడుగుతుంటే పగలబడి నవ్వాను. వెక్కిరించాననుకుంటాడు. మొండి ఘటం, ఇక నేను వెళ్ళినా కిటికీ దగ్గరికి రాడు."

"ఉత్తరం రాయకూడదూ?"

"నా ఉత్తరం చేరేసరికి ఆయనకి మళ్ళీ పళ్ళే మొలుస్తాయి."

మిషన్ తొక్కడం మొదలుపెట్టింది గానీ మనసు అక్కడ లేదు. చొక్కా జేబుని పైన తెరిచి ఉంచకుండా నాలుగు వైపులా కుట్టేసింది. అది చూసి కాజాల అక్క కత్తెర అందించింది. కుట్లు విప్పుతుండగా మళ్ళీ ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"జైలు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానమ్మా," అందొక బొంగురు గొంతు.

టైలరమ్మ కత్తెర పక్కన పెట్టేసింది. "ఆయనకేమైనా..."

"ఏం కాలేదు, ఏం కాలేదు. ఇలా ఫోన్ చెయ్యకూడదు, ఎవరితోనూ అనకండి." గొంతు గుసగుసలోకి దిగింది. "ఖైదీల ఫోన్లు వినే డ్యూటీ మాది. ఈ గదిలో నలుగురం పని మానేసి కూర్చున్నాం. ఇంతకీ వస్తారా, రారా?"