ఇటుక పరీక్ష

స్పోర్ట్స్ కార్లలో ఇంజిన్ పొగను బయటికి పంపే హెడర్ గొట్టాలు ఆ రోజు నా కొట్లో రెండే జతలున్నాయి. పొడుగువి బిగిస్తే కారుకు బలం పెరుగుతుంది గాని, కిందికి వేలాడతాయి. పొట్టివాటికి బలమూ తక్కువే, వేలాడటమూ తక్కువే. ఏడాదిగా గోడ మేకుకు వేలాడుతున్న పొడుగువాటిని ఎలాగైనా వదిలించుకోవాలని నా ఆశ.

“పొడుగువే బాబాయ్! ఆదివారం రేసులో మా బావ నా వెనక దుమ్ము తినాలి,” అంది కారు తెచ్చిన పళ్ళ డాక్టరమ్మ.

బిగించే ముందు గొట్టాన్ని ఉత్తినే తగిలించి, దాని కింద ఇటుక దూర్చి చూడటం నా పద్ధతి. ఇటుక ఇరుక్కుంటే ఆ గొట్టం ప్రతి స్పీడ్ బ్రేకరుకూ తగులుతుందన్నమాట. ఇటుక హాయిగా దూరింది.

“వెనక సీట్లో ఎవరైనా ఎక్కుతారా అమ్మా?”

“మా నాయనమ్మ. వారానికి మూడుసార్లు ఈత నేర్చుకోవడానికి.”

బెంచీ మీదున్న పెద్దావిడను పిలిచి ఎక్కించాను. కారు మూలిగింది. ఇటుక ఇరుక్కుంది.

“నేను బస్సులో పోతాలేవే. నా బరువుకు నీ పందెం ఎందుకు చెడాలి?” అంటూ ఆమె దిగబోయింది.

డాక్టరమ్మ తలుపు మూసేసింది. “కూర్చో నాయనమ్మా! బావ చేతిలో ఓడితే ఒక్క ఆదివారమే. నువ్వు బస్సెక్కితే నేను వారానికి మూడు రోజులు ఓడినట్టే. బాబాయ్, పొట్టివే బిగించండి.”

ఆదివారం ఆమె ఓడింది. నాయనమ్మ మాత్రం ఈతకొలనులో అందరికీ నా ఇటుక సంగతి చెప్పింది. పొడుగువి ఇంకా మేకుకే ఉన్నాయి. పొట్టివి తెప్పించినవి తెప్పించినట్టే అయిపోతున్నాయి.