సహానుభూతి షీల్డు

చిమ్వాలా ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులు కంబలామె మాస్టారికి ఆ సోమవారం ఉదయం ఒక చెవిటి పిల్ల అత్యవసరంగా కావలసివచ్చింది.

“ఊరంతా గాలించారా?” అని అడిగారు.

“రెండుసార్లు గాలించాను మాస్టారూ,” అన్నాడు ఆయన కింద పనిచేసే లిపెంగా. “ఏం చేస్తాం, మనవాళ్లందరివీ పాముచెవులు. ఇంటిగంట కొట్టకముందే వినిపిస్తుంది వెధవలకి.”

“పోనీ, ఒక కుంటివాడు?”

“ఒకడుండేవాడండీ. కాలు బాగైపోయింది. నిన్న గోల్ కూడా కొట్టాడు.”

మాస్టారు నిట్టూర్చారు. లోకానికి ఇంత ఆరోగ్యం పంచిపెట్టిన దుర్మార్గుడెవడా అనుకున్నారు.

సంగతేమంటే, పరుల మనసు తెలుసుకోవడం, ఎవరినీ పక్కన పెట్టకపోవడం అనే పాఠాన్ని జిల్లా విద్యాశాఖ ఆ ఏడు కొత్తగా ప్రవేశపెట్టింది. బాగా నేర్పిన బడికి షీల్డు ప్రకటించింది. చిమ్వాలా పిల్లలు ఆ పాఠాన్ని ఎక్కంలా అప్పజెప్పేవారు. “సహానుభూతి అనగా నేమి?” అని మాస్టారు గర్జిస్తే నూటపది గొంతులు రేకులు అదిరేలా జవాబిచ్చేవి. తడబడినవాడిని ఎండలో నిలబెట్టేవారు.

అయినా షీల్డు పొరుగూరు కంపాండ బడికే పోతుందని మండలమంతా కోడై కూస్తోంది. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు ఎలూబె దగ్గర తడాలా అనే పిల్ల ఉంది. వినదు, మాట్లాడదు. మండాసీలనే పిండి బూరెలు వేయించి అమ్ముకునే ఒక ముసలమ్మ సాకుతోంది. తల్లీతండ్రీ పోయి ఉంటారని ఊరు అనుకుంది. జబ్బులు ఇళ్లకు ఇళ్లనే ఖాళీ చేసిన ఆ దేశంలో అదేమంత వింత కాదు గనుక ఎవరూ ఆరా తీయలేదు. ఆ ఒక్క పిల్ల కోసం తరగతి తరగతంతా చేతులతో మాట్లాడటం నేర్చింది. రేడియోవాళ్లు వచ్చి వెళ్లారు.

పూర్వం చక్రవర్తులు పొరుగు రాజ్యాలను చూసి కుళ్లుకునేవారు. బదిలీ మీద వచ్చి ఏడాదైనా నిండని కంబలామె మాస్టారు ఒక పిల్లను చూసి కుళ్లుకున్నారు. ఎలూబె ఆ పిల్ల చెయ్యి పట్టుకుని సంతలో నడుస్తుంటే ఆయన కళ్లలో కారం పడేది. రెండుసార్లు కంపాండ బడి వెనక మొక్కజొన్నచేలో గంటసేపు నక్కి, తరగతిని చూసి వచ్చారు. ఆ కార్యానికి శత్రుశిబిర పరిశీలన అని పేరు పెట్టుకున్నారు. పిల్లకు ఎనిమిదేళ్ల మూడు నెలలని ఆయనకు తెలుసు. అసూయాపరుడికి అందని వివరం ఉండదు.

“ఆ ఎలూబెకేం, దేవుడు తెచ్చి ఒళ్లో పడేశాడు,” అన్నారు ఆ మధ్యాహ్నం భార్యతో.

ఆవిడ ఆయన పళ్లెంలో ముద్ద వడ్డించి, తను తినకుండా లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం కంపాండ బడి మామిడిచెట్ల కింద పోటీ. జిల్లా విద్యాధికారిణి లేచి నిలబడింది.

“పిల్లలూ, ఇక్కడున్న పెద్దవాళ్లలో లోపల దుఃఖం దాచుకున్నదెవరో మొహం చూసి కనిపెట్టండి. వెళ్లి పక్కన కూర్చోండి. ఒక్కటే నియమం. తెలియని మొహమే చదవాలి. తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్తే ఆ బడి పోటీలోంచి పోయినట్టే.”

పోటీకి వచ్చిన చిమ్వాలా వీరులు పన్నెండుమందీ ఒక్క ఉదుటున పోయి ఆవిడ చుట్టూనే కూర్చున్నారు.

“నాకేం దుఃఖంరా నాయనా?”

“మీరు పెద్ద ఆఫీసరు కదమ్మా,” అన్నాడొకడు వినయంగా.

జనం గొల్లుమన్నారు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

తరువాత, ఎలూబె చేతులతో నియమం వివరించాక, కంపాండ తరఫున తడాలా వచ్చింది. ఊరిపెద్దను దాటింది. ఫాదిరీని దాటింది. కొత్తగా భర్త పోయిన ఆవిడ దగ్గర ఒక్క క్షణం ఆగి, ఆమెనూ దాటింది. కంబలామె మాస్టారి ముందు నిలబడి చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తన గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ చేతినే ఆయన మోకాలి మీద పెట్టి కింద కూర్చుంది.

ఆడవాళ్లు అక్కడి ఆనవాయితీగా నాలుకలాడిస్తూ ఒక్కసారి సంతోషపు కేకలు పెట్టారు.

“షీల్డు పోతోందని ఏడుస్తున్నాడర్రా పాపం! పిల్ల భలే పట్టేసింది!” అని వెనకనుంచి ఎవరో అరిచారు.

లిపెంగా ఆయన చెవి దగ్గరికి వంగాడు. “మాస్టారూ, తెలిసిన పిల్లేనని చెప్పేయండి. ఇప్పుడే. షీల్డు మనది!”

ఆఫీసరమ్మకూ అదే అనుమానం వచ్చింది. “మాస్టారూ, ఇంతమందిని వదిలి నేరుగా మీ దగ్గరికే వచ్చిందే? ఈ పిల్ల మీకు ముందే తెలుసా? నిజం చెప్పండి.”

ఎలూబె మొహం పాలిపోయింది. ఒక్క ‘అవును’ చాలు, కంపాండ కోట కూలిపోతుంది, చిమ్వాలాకు పట్టాభిషేకం జరుగుతుంది. ఇన్ని నెలల కడుపుమంట ఆ ఒక్క మాటతో చల్లారుతుంది. మాస్టారి మోకాలి మీద చిన్న చెయ్యి వెచ్చగా అలాగే ఉంది. ఆయన గొంతు సవరించుకున్నారు.

“లేదమ్మా, ఈ పిల్లను నేనెన్నడూ చూడనైనా లేదు,” అన్నాడు, ఎంత పిలిచినా పలకడం లేదని మూడో ఏట ఆమెను తీసుకెళ్లి ముసలమ్మకు అప్పగించి వచ్చిన కన్నతండ్రి.