గీత దాటిన కాలు

"మిగతావన్నీ మార్చుకోన్రి సార్. గీ ఒక్కటి మాత్రం ముట్టకున్రి," అంది రెబెకా.

ఓంప్రకాశ్‌కు నవ్వొచ్చింది. కరీంనగర్ నుంచి కెమెరాలతో దిగిన టీవీ మనిషి ఆయన. గోదావరిఖని బొగ్గు కాలనీలో, నీలగిరి చెట్ల నడుమ ఆడే డిస్క్ గోల్ఫ్ పోటీని మర్నాడు మొదటిసారి లైవ్‌లో చూపించబోతున్నాడు. పళ్లెం లాంటి డిస్కును విసురుకుంటూ పోయి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడేయాలి. తక్కువ విసుర్లతో ముగించినవాళ్లదే గెలుపు. ఆట ఇంతే. కానీ ఉన్నదున్నట్టు చూపిస్తే జనం రెండు నిమిషాల్లో చానెల్ మార్చేస్తారని ఆయన బెంగ.

బడిలో పీటీ టీచరైన రెబెకా ఆ బెంగను అర్థం చేసుకుంది. ఊరికే పంతానికి పోయే మనిషి కాదామె. పద్దెనిమిది బుట్టలు ఎక్కువ, తొమ్మిది చేద్దామంటే సరేనంది. ఒక్కో విసురుకు అర నిమిషమే గడువంటే ఇంకా మంచిదంది. డిస్కు పడిన చోట గుర్తుగా పెట్టే బిళ్ల టీవీలో ఆనదంటే, దాని బదులు సున్నంతో గీత గీద్దామని ఉపాయం చెప్పింది తానే. గొలుసుల మోత ఇంటింటికీ వినబడాలని బుట్టకు మైకు కట్టించిందీ ఆమే.

పేచీ అంతా అంపైర్ దగ్గర వచ్చింది. ఈ ఆటను వాళ్లు అంపైర్ లేకుండానే ఆడుకుంటారు. బుట్టలోకి విసిరాక నిలదొక్కుకోకముందే కాలు గీత దాటితే, దాటినవాళ్లే చెయ్యెత్తి చెప్పాలి. శిక్షగా ఒక విసురు అదనం. అది చప్పగా ఉంది, రెండు చేద్దామన్నా రెబెకా తలూపింది. చూసి చెప్పడానికి అంపైర్‌ను పెడదామంటేనే ససేమిరా అంది.

"గురివింద గింజకు తన నలుపు తెల్వదంటరు మేడం," అన్నాడు ఓంప్రకాశ్. "కెమెరా ముంగట, కప్పు పోతదని తెలిసి, ఎవరన్న నాదే తప్పని చెప్తరా?"

"చెప్తరు సార్. మా బాపు బొగ్గు బాయిల పనిచేసిండు. లోపలికి దిగేముంగట జేబుల బీడీ, అగ్గిపెట్టె ఉంటే ఎవడిది వాడే తీసి బయట పెట్టాలె. ఒక్కడు దాస్తే అందరి పానాలు పోతయ్. మా పిల్లలకు ఆట గట్లనే నేర్పిన."

ఆయన ఒప్పుకోలేదు, అలాగని కొట్టిపారేయనూ లేదు. ఆట చూసి తేలుస్తానన్నాడు. ఇక్కడ ఏది ఖాయమైతే, టీవీలో చూసి చుట్టుపక్కల బడులన్నీ అదే నియమం పట్టుకుంటాయని కూడా గుర్తుచేశాడు. రెబెకాకు ఫికరేమీ లేదు. రెండేళ్లుగా కప్పు ఆమెదే. ఈసారి కప్పూ దక్కుతుంది, నియమమూ దక్కుతుందని బాపు సామ్యూల్‌తో ధీమాగా చెప్పింది.

మర్నాడు కాలనీ అంతా మైదానంలోనే ఉంది. టీవీలో కనబడతామన్న జాగ్రత్తో ఏమో, అందరూ ఆచితూచి అడుగులు వేశారు. ఎవరి కాలూ గీత దాటలేదు, ఎవరి చెయ్యీ లేవలేదు. మధ్యలో ఓంప్రకాశ్ వచ్చి, మీ కాడ అందరూ మునులేనా మేడం, ఒక్క చెయ్యన్న లేస్తలేదు, ఇట్లయితే అంపైర్‌ను పెట్టుడే అని నవ్వి పోయాడు. రెబెకా కూడా నవ్వింది.

చివరి బుట్టకు వచ్చేసరికి ఆమె, హుజూరాబాద్ నుంచి వచ్చిన అమూల్య సరిసమానంగా ఉన్నారు. అమూల్య ఆ బుట్టను నాలుగు విసుర్లలో ముగించింది. రెబెకాకు ఇది మూడోది. పడిందంటే కప్పు ఆమెదే.

గీత వెనక నిలబడి, ఊపిరి బిగబట్టి విసిరింది. ఆ ఊపుకు ఒళ్లు ముందుకు తూలింది. గొలుసులు ఝల్లుమన్నాయి. మైదానమంతా ఈలలు. జనం, కెమెరాలు, అమూల్య, అందరి చూపూ బుట్ట మీదే. రెబెకా ఒక్కతే తల వంచి కిందికి చూసుకుంది. ఊరుకుంటే అడిగేవాళ్లు లేరు. పక్కనున్నవాళ్లు అప్పటికే ఆమెను భుజాలకెత్తుకోవడానికి పరిగెత్తుకొస్తున్నారు.

ఆమె చెయ్యెత్తింది.

"నా కాలు గీత దాటింది. రెండు కలుపున్రి."

ఈలలు ఆగిపోయాయి. చేతికందిన కప్పు ఒక్క విసురు తేడాతో అమూల్యకు పోయింది. ఆ పిల్ల ఏడుస్తూ నాకొద్దక్కా అంటే, రెబెకాయే బలవంతంగా చేతుల్లో పెట్టింది. జనం ముక్కున వేలేసుకున్నారు. ఓంప్రకాశ్ లైవ్‌లోనే మైకు అందుకుని, ఇంత నిజాయితీ ఉన్న ఆటకు అంపైర్ అక్కర్లేదని, ఇక ఎక్కడ ఆడినా ఇదే నియమమని ప్రకటించాడు.

సామ్యూల్ వచ్చి కూతురి నెత్తి మీద చెయ్యి పెట్టాడు. బాయిల మాట నిలబెట్టినవ్ బిడ్డా అన్నాడు. రెబెకా తలెత్తలేదు. కప్పు పోయిన బాధ ఉండదా పాపం అనుకున్నారంతా.

మర్నాడు పొద్దున ఓంప్రకాశ్ తన కెమెరామన్ రాకేశ్‌ను, ల్యాప్‌టాప్‌ను వెంటబెట్టుకుని వాళ్లింటికే వచ్చాడు. ఆ క్షణంతోనే ఆటకు టీవీ ప్రకటన తయారుచేస్తాడట. ఆటగాళ్ల బూట్లను దగ్గరగా తీద్దామని రాకేశ్ ఆ గడ్డిలో చిన్న కెమెరా ఒకటి పెట్టి మరిచిపోయాడట. లైవ్‌లో రాని ఆ కాలు అందులో ఉంటుందని, అందరం కలిసే మొదటిసారి చూద్దామని ఓంప్రకాశ్ సంబరపడిపోతున్నాడు.

"కాలెందుకు సార్," అంది రెబెకా. "అమూల్యను చూపియ్యున్రి."

"తప్పు ఒప్పుకున్న కాలు బిడ్డా, నలుగురు చూడాలె," అంటూ సామ్యూల్ కళ్లద్దాలు పెట్టుకుని ముందుకు వంగాడు.

రాకేశ్ బొమ్మను నెమ్మదిగా నడిపించి, గొలుసులు మోగి ఆమె నిలదొక్కుకున్న చోట ఆపి, పెద్దది చేశాడు.

కాలు గీతకు జానెడు వెనకే ఉంది.