మూలనున్న స్టూలు

"ఆ డబ్బా వద్దు బాబూ," అన్నాడు మూలన స్టూలు మీద కూర్చున్న పెద్దాయన.

వీడియో ఎడిటర్ వెనక్కి తిరిగి ఆయన్ని చూశాడు. మాసిన చొక్కా, మెడలో తాడుకు వేలాడే భూతద్దం. కంప్యూటర్ షాపులో ఈయనకేం పనో అర్థం కాలేదు.

ఎడిటర్ చేతిలో ఉన్నది కంప్యూటర్ ప్రాసెసరు వేడెక్కకుండా నీళ్లతో చల్లబరిచే, రంగురంగుల లైట్ల వాటర్ కూలర్. సగం ధరకే ఇస్తున్నారు.

సోమవారానికి యాడ్ ఫిల్మ్ ఇవ్వాలి. ఇస్తే ఏడాది పాటు ఆ కంపెనీ పనంతా అతనిదే. పాత ప్రాసెసరేమో నత్తనడక. కొత్తది కొనే తాహతు లేదు గనుక ఉన్నదాన్నే స్పీడు పెంచి పరుగెత్తించాలని ఆలోచన. స్పీడు పెంచితే వేడెక్కుతుంది, అందుకే ఈ కూలర్.

"ఏ ప్రాసెసరు?" అడిగాడు పెద్దాయన.

చెప్పాడు.

"అయితే కింది అరలో పెద్ద ఫ్యానుది ఉంది చూడు. మొద్దులా ఉంటుంది గానీ కారడానికి దాంట్లో నీళ్లుండవు. ధర కూడా ఇంతే. స్పీడు కొద్దికొద్దిగా పెంచుకో. ఎనభై డిగ్రీలు దాటితే ఆపెయ్."

"దాని మీద మీకు కమిషన్ ఎంతండీ?"

పెద్దాయన మొహం చిన్నబోయింది.

"ఆ నీళ్లు కారితే కంప్యూటర్ లోపలి మదర్‌బోర్డు పోతుంది బాబూ. నీ ప్రాసెసరుకి పట్టే బోర్డులు ఇప్పుడు రావట్లేదు."

ఎడిటర్ పంతం కొద్దీ వాటర్ కూలరే కొన్నాడు. అంతటితో ఊరుకోలేదు. బస్సులో కూర్చుని ఆన్‌లైన్‌లో షాపుకి ఒక్క స్టార్ ఇచ్చి, 'మూలనున్న ముసలాయన కమిషన్ కోసం కస్టమర్లను తప్పుదారి పట్టిస్తున్నాడు' అని రాశాడు.

సాయంత్రం ఓనర్ ఫోన్ చేశాడు.

"ఆయన్ని మానిపించేశాను సార్. దయచేసి ఆ మాట తీసేయండి."

ఎడిటర్ దర్జాగా అయిదు స్టార్లు ఇచ్చాడు.

శనివారం మధ్యాహ్నం, యాడ్ ఫిల్మ్ ముప్పాతిక వంతు తయారయ్యేసరికి తెర నల్లబడింది. మూత తీసి చూస్తే బోర్డంతా తడి.

రెండు షాపులు తిరిగాడు. కొత్త బోర్డు దొరకదన్నారు. బాగుచెయ్యడం తమ వల్ల కాదన్నారు. ఇలాంటివి ఒక్క చోటే చేస్తారంటూ, అతను కూలర్ కొన్న షాపు పేరే చెప్పారు.

ఆ షాపులో స్టూలు మీద ఇప్పుడు ఖాళీ డబ్బాలున్నాయి.

బోర్డు చూసి ఓనర్ నిట్టూర్చాడు.

"చేసే మనిషి లేరు సార్. అక్కడే కూర్చునేవారు."

ఎడిటర్ ఆ స్టూలు వైపు తిరిగాడు.

"ఎక్కడుంటారు?"

"మానిపించిన మర్నాడే గది ఖాళీ చేశారు. ఫోన్ ఎత్తట్లేదు."

"మరి ఆయన పనితనం గురించి ఆ రోజు ఫోన్‌లో నాకు చెప్పలేదేం?"

ఓనర్ చూపు తిప్పుకున్నాడు. "వాటర్ కూలర్లు పాతిక మిగిలిపోయాయి. ఆయన ఒక్కటీ కొననిచ్చేవారు కాదు. నాకూ సరుకు కదలాలి కదా."

"కమిషన్ కోసం చెప్తున్నారనుకున్నాను," అన్నాడు ఎడిటర్ నెమ్మదిగా.

"కూలర్ ఏది కొన్నా ఆయనకు పైసా రాదు సార్. ఇదిగో, ఇలా పాడైన బోర్డులు వస్తేనే ఆయనకు పూట గడిచేది."