కళ్లద్దాల మెరుపు

వైసాకే మెమరీ కార్డు తెచ్చి ఫోటో దుకాణం కౌంటర్ మీద పెట్టేసరికి ఇలియేసా చేతిలో ఉన్న ఆస్తి మూడు వస్తువులు: ఒక పాత కంప్యూటర్, ఒక కొత్త ప్రింటర్, సొరుగులో గుడ్డ చుట్టి దాచిన తిమింగలం పన్ను. కంప్యూటర్ కష్టార్జితం. పన్ను తాత ఇచ్చింది. ప్రింటర్ ఎలా వచ్చిందో ఇలియేసాకి ఒక్కడికే తెలుసు.

"తోటలో ఎవరో తవ్వుకుపోతున్నార్రా," అన్నాడు వైసాకే. "చెట్టుకి కెమెరా కట్టాను. ఒక్క బొమ్మ పడింది, అదీ మసక. మొహం తేల్చు."

"అది ఎవరో నాకు ముందే తెలుసు," అంది అతని భార్య లోసానా, బుట్ట దించి బెంచీ మీద కూచుంటూ. "ఈయనే నమ్మడు. ఫోటోలో చూస్తే గాని నమ్మడట. మూడింటికి ఊరి బస్సు. అందాకా కదిలేది లేదు."

ఇలియేసా కార్డు కంప్యూటర్‌లో పెట్టాడు. "కెమెరా ఎప్పుడు కట్టారు బాబాయ్?"

"ఈస్టర్ తర్వాత ఎప్పుడో. కార్డు ఈ పొద్దునే తీశా."

తను ఆ తోటకి వెళ్లిందీ ఈస్టర్ తర్వాతే. బొమ్మ మీద తేదీ చూశాడు. కెమెరా కొన్నాక దాని గడియారం ఎవరూ సరిచేయలేదు. ఇరవై ఏళ్ల నాటి జనవరి ఒకటి అని ఉంది. తోటలో ఏ మూల కట్టారని అడగబోయి నాలుక కరుచుకున్నాడు. నీకెందుకు అంటే ఏం చెప్పాలి?

బొమ్మ తెర నిండా పరుచుకుంది. చీకట్లో నేల మీదికి వంగిన నల్లటి ఆకారం. తల ఉండాల్సిన చోట మెరిసే చుక్కలు రెండు. వాటి కింద వంకర తిరిగిన తెల్లటి గీత. ఇలియేసా చెయ్యి దానంతటదే తన కళ్లద్దాల మీదికి వెళ్లింది. కెమెరా వెలుగు పడితే అద్దాలు అలాగే మెరుస్తాయి. తెల్ల గీత అతని సంచీ పట్టీ. ఆ సంచీ ఇప్పుడు కౌంటర్ కిందే ఉంది. దాన్ని కాలితో లోపలికి తోశాడు.

పదును మితిమీరి పెంచితే బొమ్మ ఇసుకలా రాలిపోతుంది. అదే మేలనుకుని పెంచేశాడు. ఆకారమంతా చుక్కలు చుక్కలైంది.

"కార్డు పాడైనట్టుంది బాబాయ్. ఇంతకన్నా రాదు."

"నా కూతురి పెళ్లి ఫోటో ఇంతకన్నా మసకగా ఉంటే అద్దంలా చేసిచ్చావు," అంది లోసానా. "అడక్కపోయినా నా బుగ్గ మీద పుట్టుమచ్చ కూడా చెరిపేశావు. మచ్చలు చెరపడమేనా, మొహాలు చూపించడం రాదా? వణుకు తీసే మీట ఒకటి నొక్కావు ఆ రోజు. నొక్కు."

నొక్కక తప్పలేదు. తెర మీద అంకెలు నడవడం మొదలుపెట్టాయి. పది. ఇరవై.

ఊరి కట్టుబాటు ఇలియేసాకి తెలియనిది కాదు. పేరు బయటపడకముందే తిమింగలం పన్ను ముందు పెట్టి తప్పు ఒప్పుకుంటే, దాన్ని పుచ్చుకున్నవాడు మళ్లీ ఆ మాట ఎత్తడు. పేరు బయటపడ్డాక పెట్టే పన్నుని ఎవరూ ముట్టరు. ఊరు తలుపు మూసేస్తుంది. పెళ్లికి గాని చావుకి గాని ఇలియేసాని పిలిచి ఫోటో తీయించుకునేవాడు ఉండడు. అందుకే పన్ను దుకాణానికి తెచ్చి పెట్టుకున్నాడు. మూడు వారాలైంది, వైసాకే గుమ్మం దాకా వెళ్లే ధైర్యం చాలలేదు.

నలభై. యాభై.

"చల్లటి గదిలో చెమటలేంట్రా?" అన్నాడు వైసాకే.

"ఫ్యాను సరిగ్గా తిరగట్లేదు."

"తిరుగుతోందిగా," అంది లోసానా తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

డెబ్బై. పన్ను ధర ఎక్కువా, పేరు ధర ఎక్కువా? ఎనభై. ఇంకో నిమిషం పోతే పన్నుకి ధరే ఉండదు.

ఇలియేసా సొరుగు లాగి, కౌంటర్ చుట్టూ వచ్చి, వైసాకే ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. పన్నుని అతని ముందుకి చాచాడు.

"ఇది పుచ్చుకో బాబాయ్. ఆ బొమ్మలో ఉన్నది నేనే. కింది వాలులో పన్నెండు యంగోనా మొక్కలు. వేళ్లు కోసుకుని కాండాలు మళ్లీ పాతిపెట్టాను, చిగురిస్తే ఎవరికీ తెలియదని. వేళ్లు దంచి పానీయం చేసేవాళ్లకి అమ్మి ప్రింటర్ కొన్నాను."

వైసాకే భార్య వైపు చూశాడు. ఆమె నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు. పన్నుని రెండు చేతులా అందుకుని, ముద్దుపెట్టుకున్నాడు.

"పుచ్చుకున్నాను. ఈ మాట ఇక్కడితో సరి."

ఇలియేసా నేల మీదే కూచుని ఏడ్చాడు. కాసేపటికి కంప్యూటర్ టింగుమంది. వంద. ముగ్గురూ తల తిప్పి చూశారు.

మెరిసే చుక్కలు రెండూ చిన్న చిన్న కళ్లు. తెల్ల గీత వంకర కోర. దాని పక్కన తడి ముట్టె, నోట్లో ఆకులతో సహా ఒక చేమదుంప.

"చెప్పానా, పక్కింటి పందేనని," అంది లోసానా. "మనిషైతే చేమదుంప అక్కడే పచ్చిగా నములుతాడా?"

వైసాకే పన్నుని భుజాన ఉన్న తువ్వాలులో మెల్లగా చుట్టుకున్నాడు. "పై గట్టు మీద చేమ కోసం కట్టానురా కెమెరా. కింది వాలు పచ్చగానే ఉంది. రెండేళ్ల తర్వాత తవ్వేదాకా నాకు తెలిసేదే కాదు."

మూడింటి బస్సు వెళ్లిపోయింది. ఇలియేసా ఆ రోజు లెక్క చూసుకున్నాడు. పోయినవి, తాత ఇచ్చిన పన్ను, ఎవరికీ తెలియని రహస్యం. మిగిలింది కొత్త ప్రింటర్ మీద తీసిన పంది ఫోటో. వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు.