ఎవరి కింద ఎవరు

“అల్లుడుగారూ, నేను మీ మామయ్య కింద ఉపపేజీనా?”

ఫోన్ ఎత్తగానే అత్తయ్య అడిగిన మాట అది. పలకరింపు లేదు, పిల్లల సంగతి లేదు. పెద్దల్లుడు టీ కప్పు బల్ల మీద పెట్టి నిటారుగా కూర్చున్నాడు.

మామయ్య పదవీ విరమణ సభలో తెర మీద చూపించడానికని అతనే ఇంటర్నెట్‌లో కుటుంబానికొక వికీ తయారుచేశాడు. ఎవరైనా తెరవచ్చు, ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. అందరూ ఉత్సాహంగా ఫొటోలూ జ్ఞాపకాలూ నింపారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ అతను పంపుల కంపెనీలో విడిభాగాల పుస్తకాలు తయారుచేసే మనిషి. ఏది దేని కింద వస్తుందో తేల్చకపోతే అతనికి అన్నం సయించదు.

“అదొక పద్ధతి అత్తయ్యా. మోటారుకి ఒక పేజీ ఉంటుంది. దాని కింద బెల్టుకి ఉపపేజీ...”

“అంటే నేను బెల్టునా?”

ఆవిడ ఫోన్ పెట్టేసింది. అతను గబగబా అత్తయ్య పేజీని పైకి జరిపాడు. హమ్మయ్య అనుకుని టీ కప్పు అందుకున్నాడో లేదో, ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి మామయ్య తమ్ముడు, చిన్న మామయ్య.

“వదినకి సొంత పేజీ ఇచ్చావట. నేనింకా అన్నయ్య కిందేనా?”

“మీరు చిన్నవారు కదా చిన్న మామయ్యా...”

“వయసులో చిన్నవాణ్ణయ్యా, పేజీల్లో కాదు! నీ పంపులో నేనేంటి, నట్టునా, బోల్టునా?”

లెక్కప్రకారం వాషర్ అవుతారని నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

తోడల్లుడైతే ఏకంగా ఇంటికే వచ్చాడు.

“నన్ను మీ కింద పెట్టారేంటన్నయ్యా?”

“నువ్వు రెండో అల్లుడివి కదా. అందుకని...”

“రెండో అల్లుడని ఎక్కడుంది? ‘పెద్దల్లుడు’ అని ఒక పేజీ ఉంది. దాని కింద ‘ఇతరాలు’ అని ఇంకోటి. అందులో నేనూ, మామయ్యగారి పాత స్కూటరూ ఉన్నాం.”

అతను వెళ్లాక భార్య తలుపు వేసి వచ్చి నవ్వు ఆపుకుంటూ అడిగింది. “అందరినీ ఒకే వరసలో పెట్టేయకూడదూ?”

“అలాగైతే ఇంక పద్ధతేం మిగులుతుంది?”

“మా వాళ్లు మిగులుతారు.”

పెద్దల్లుడు ఆలోచించాడు. చివరికి అక్షరక్రమంలో పెట్టాడు. అక్షరమాలతో ఎవరు పోట్లాడతారులే అని అతని ధీమా. కాసేపటికే మామయ్య ఫోన్ చేశాడు. ఏడాదికోసారి కూడా తనంతట తాను ఫోన్ చేయని మనిషి ఆయన.

“బాబూ, సభ నాది. నా పాత స్కూటర్ కూడా నాకంటే పైనుందేంటి?”

“ప తర్వాతే కదా మామయ్యా, మ...”

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

సాయంత్రానికి చిన్న మామయ్య సభకి రానన్నాడు. తోడల్లుడు ఊళ్లో ఉండనన్నాడు. అసలు సభే వద్దంది అత్తయ్య. “ఆదివారం ఒకసారి ఇంటికి రండి. మాట్లాడాలి” అని మామయ్య కబురు పంపాడు.

“ఎంతైనా విడిభాగాల మనిషిని కదా, మీ కుటుంబాన్ని కూడా విప్పి ముక్కలు చేసి పెట్టాను” అన్నాడు పెద్దల్లుడు భార్యతో, తల పట్టుకుని. ఆమె ఈసారి నవ్వలేదు.

ఆదివారం అత్తవారి గుమ్మం ముందు నిలబడి, క్షమాపణ మాటలు మనసులో మరోసారి వల్లె వేసుకున్నాడు. లోపల్నుంచి కేరింతలు వినిపించాయి. హాల్లో అందరూ కంప్యూటర్ చుట్టూ మూగి ఉన్నారు. అత్తయ్యా చిన్న మామయ్యా ఒకరి మాటకొకరు అడ్డుపడుతూ చెబుతుంటే, తోడల్లుడు టకటకా కొడుతున్నాడు. భార్య చెప్పులు విప్పేసి, పరుగున వెళ్లి వాళ్ల మధ్య దూరింది.

“రండి రండి అల్లుడుగారూ! మీకెందుకు శ్రమని మేమే సర్దేసుకున్నాం” అంది అత్తయ్య.

“ఎవరూ... అలగలేదా?”

“ఎందుకలుగుతాం? ఒకే పేజీ కింద అందరం సమానంగా ఉన్నాం. తలా ఒక ఉపపేజీ.”

“ఎవరి పేజీ కింద?”

“ఇంకెవరిది? నీదే!” అన్నాడు చిన్న మామయ్య.

పెద్దల్లుడు చేతులు జోడించాడు. “అయ్యో, నేనెంతటివాణ్ణి! పైన మామయ్యగారే ఉండాలి.”

“లేదు బాబూ” అన్నాడు మామయ్య ఆప్యాయంగా. “ఈ ఇంట్లో అందరూ ఒక్క మాట మీద నిలబడటం ఇదే మొదటిసారి. సభలో ముందుగా చూపించేది కూడా ఇదే.”

అతని కళ్లు చెమర్చాయి. అందరి తలల మధ్యనుంచి తెర సరిగా కనిపించలేదు.

“ఇంతకీ పైన శీర్షిక ఏం పెట్టారు మామయ్యా?”

మామయ్య కళ్లజోడు సర్దుకుని, అందరికీ వినబడేలా చదివాడు.

“పెద్దల్లుడితో మేం పడ్డ పాట్లు.”